బోర్డు మీద 'స్టేషనరీ' తప్పు పడింది, డబ్బు ఎవరు కట్టాలి?

ఫ్లెక్స్‌కుర్రాడు_రాయగడ
మాది రాయగడ బస్టాండు దగ్గర చిన్న ప్రింటింగ్ షాపు. ఫ్లెక్సులు, బిల్లు బుక్కులు, పెళ్లి కార్డులు, జిరాక్సు, అన్నీ నేనూ మా తమ్ముడే. పోయిన నెల ఒక పుస్తకాల షాపాయన పది అడుగుల బోర్డు ఆర్డరిచ్చాడు. పైన ఒడియా, మధ్యలో ఇంగ్లీషు, కింద చిన్నగా తెలుగు. ఐరన్ ఫ్రేముతో కలిపి 5,200. దాంతోపాటు 20 బిల్లు బుక్కులు. నోటుబుక్కు కాగితం చింపి ఆయనే రాసిచ్చాడు, 'బుక్స్ అండ్ స్టేషనరీ' అని. ఉన్నది ఉన్నట్టు కొట్టాను.

బోర్డు ఎక్కించి పదకొండు రోజులైంది. నిన్న వాళ్లబ్బాయి భువనేశ్వర్ నుంచి సెలవులకొచ్చాడు, ఇంజినీరింగు. ఆటో దిగుతూనే పైకి చూసి ఒకటే నవ్వట. 'నాన్నా, మన షాపు కదలకుండా ఆగిపోయిందని రాయించావు' అన్నాడట. 'ఎన్' తర్వాత 'ఈ' ఉండాలిట, 'ఏ' పడిందిట. ఇప్పుడు ఆయన బ్యాలెన్సు 2,700 ఇవ్వనని కూర్చున్నాడు.

రెండు సంగతులు చెప్పండి. నిజంగా అది అంత తప్పా? మా వీధిలోనే ఇంకో రెండు బోర్డుల మీద 'ఏ'నే ఉంది, పనిగట్టుకుని చూసొచ్చాను. ఇక రెండోది, ఆయన చేత్తో ఆయనే రాసిచ్చినప్పుడు ఆ డబ్బు ఎవరి నెత్తిన పడాలి?

కొరాపుట్‌కాఫీ
షాపు ఎన్నేళ్లుగానో అక్కడే ఉందా లేదా? కదల్లేదు కదా? మరి బోర్డు కరెక్టే. బ్యాలెన్సు కట్టమను.

తూకంరాజు_గుణుపురం
కాఫీ నవ్వుతున్నాడు గానీ ఇలాంటి దెబ్బ నేను తిన్నాను. మాది రైస్ మిల్లు. పచ్చిబియ్యానికి సంచుల మీద 'రా రైస్' అని వేయించాలి. సంచులు వేసేవాడు 'ఆర్ ఓ డబ్ల్యూ' అని వేశాడు. అంటే రో. వరస. ఉప్పుడు బియ్యం సంచులు బాగానే వచ్చాయి, పచ్చిబియ్యం మాత్రం వరస బియ్యం అయిపోయింది. 2,000 సంచులు. ప్రూఫ్ నా ఫోనుకే పంపాడు. నేను బరువు చూశాను, ఫోను నంబరు చూశాను, ఓకే అన్నాను. అందుకని నష్టం నాదే అయింది. నువ్వు ప్రూఫ్ చూపించావా లేదా, ముందు అది చెప్పు.

ఫ్లెక్స్‌కుర్రాడు_రాయగడ
వాట్సాప్‌లో పంపాను అన్నా. బొటనవేలు బొమ్మ పెట్టాడు.

తూకంరాజు_గుణుపురం
బొటనవేలు పెట్టాడంటే వేలిముద్ర వేసినట్టే. కట్టాల్సిందే.

దస్తావేజు_బాబాయ్
అంత తేలిగ్గా తేల్చేయకండి. నేను పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లుగా కాగితాలు రాస్తున్నాను. పార్టీ వచ్చి నోటితో తప్పు చెప్తే తప్పే రాస్తానా? అడుగుతాను. ఆయనకి పెన్నులు తెలుసు, నీకు అక్షరాలు తెలియాలి. అక్షరానికే కదా నువ్వు డబ్బు పుచ్చుకునేది. సగం సగం పడండి.

ఫ్లెక్స్‌కుర్రాడు_రాయగడ
బాబాయ్, నేను ఒడియా మీడియం. ఇంగ్లీషు ఆయనకెంతో నాకూ అంతే. కంప్యూటర్‌లో ఎర్ర గీత కూడా రాలేదు, అదీ నా బాధ.

రిటైర్డ్_మాస్టారు
ఎర్ర గీత రాదు బాబూ. రెండూ డిక్షనరీలో ఉన్న మాటలే. లేని మాట రాస్తే కంప్యూటర్ గీత గీస్తుంది, ఉన్న మాటని తప్పు చోట పెడితే చాలాసార్లు ఊరుకుంటుంది. ఈ జంట మాటలన్నిటితో వచ్చే చిక్కు అదే.

ఇక నీ మొదటి ప్రశ్న. తప్పే. కాగితాలు, పెన్నులు 'ఈ'తో. కదలకుండా ఉన్నది 'ఏ'తో. కాకపోతే కొరాపుట్‌కాఫీ గారి జోకులో సగం నిజముంది. రెండూ ఒక కడుపున పుట్టిన మాటలే. మధ్యయుగాల యూరప్‌లో ఊరూరా తిరిగి సరుకమ్మే వర్తకులు ఎక్కువ. పుస్తకాలవాడు అలా కాదు, యూనివర్సిటీ దగ్గర ఒకచోట కొట్టు పెట్టుకుని కూర్చునేవాడు. ఒకచోట ఉండేవాడు కాబట్టి లాటిన్‌లో స్టేషనారియస్, అందులోంచి ఇంగ్లీషులో స్టేషనర్. స్టేషనర్ అమ్మేది స్టేషనరీ, బేకర్ చేసేచోటు బేకరీ అయినట్టు. బేకర్ చివర 'ఈ ఆర్'. స్టేషనర్ చివరా అదే. బేకరీలో 'ఏ ఆర్ వై' ఎవరూ రాయరు కదా. ఇది తలుచుకుంటే ఇక్కడా చెయ్యి తప్పదు.

కొరాపుట్‌కాఫీ
చూశారా, నేను ఊరికే అన్నానా! లాటిన్ నా వైపే ఉంది.

టీచరమ్మ_గుణుపురం
మాస్టారిది బాగుంది గానీ మా ఏడో తరగతి పిల్లలకి లాటిన్ చెప్తే పారిపోతారు. నేను ఇలా చెప్తాను. కొట్టుకెళ్లి పెన్ను అడిగితే షాపువాడు తీసిచ్చి 'ఈ పెన్ను బాగుంటుంది' అంటాడు. ఈ పెన్ను, ఈ పేపరు. కాబట్టి 'ఈ'. రోడ్డు మీద బండి ఆగిపోయి ఉంటే? 'ఏ బండి అది? ఏమైంది?' అంటాం. అందుకని 'ఏ'.

అఫెక్ట్‌కీ ఎఫెక్ట్‌కీ కూడా ఇదే వాడతాను. 'ఏం చేసింది?' అని అడగాల్సి వస్తే 'ఏ'తో. వాన పంటని ఏం చేసింది? అఫెక్ట్ చేసింది. 'ఈ ఫలితం' అని చూపించగలిగితే 'ఈ'తో. వాన వల్ల ఈ ఎఫెక్ట్. ఒక్క పరీక్షలో నలభై మందిలో ముగ్గురే తప్పారు.

తూకంరాజు_గుణుపురం
టీచరమ్మా, ఇది ముందే చెప్పుంటే నా టెన్త్ పాసయ్యేవాణ్ని.

సున్నాబెడ_ఇంజినీర్
అఫెక్ట్ రూలు ప్రతిచోటా పనిచేయదు, ముందే చెప్పడం మంచిది. 'ఈ'తో ఉన్న ఎఫెక్ట్ కూడా క్రియగా వస్తుంది. ఒక మార్పుని సాధించడం, అమల్లోకి తేవడం అనే అర్థంలో. మా ఆఫీసు కాగితాల్లో 'టు ఎఫెక్ట్ ఎ చేంజ్' అని ఉంటుంది, అది కరెక్టే. దాన్ని 'ఏ' చేస్తే అర్థమే మారిపోతుంది. మనస్తత్వశాస్త్రంలో 'ఏ'తో అఫెక్ట్ నామవాచకం కూడా ఉంది, మనిషి ముఖంలో, మాటలో కనబడే భావం.

టీచరమ్మ_గుణుపురం
నిజమే సార్. మా ఏడో తరగతివాళ్లకి మీ ఆఫీసు కాగితాలు వచ్చేలోపు ఇంకో రూలు చెప్తాలెండి.

దస్తావేజు_బాబాయ్
మా దగ్గర నంబర్ వన్ తప్పు ప్రిన్సిపల్. అప్పు కాగితంలో అసలు, వడ్డీ రాయాలి. అసలు అంటే ప్రిన్సిపల్, చివర 'పీ ఏ ఎల్'. కాలేజీ ప్రిన్సిపల్‌కీ అదే స్పెల్లింగు. 'పీ ఎల్ ఈ' అయితే సిద్ధాంతం, నియమం. ఒకసారి మా దగ్గర టైపు చేసే కుర్రాడు అసలు నాలుగు లక్షలని నియమం నాలుగు లక్షలుగా కొట్టాడు. అవతల ఆఫీసరు కళ్లజోడు సర్దుకుని ఆ మాట కింద గీత గీసి వెనక్కి పంపాడు. మళ్లీ స్టాంపు పేపరు, మళ్లీ రెండు సంతకాలు, సాక్షిని మళ్లీ నువాగడ నుంచి రప్పించడం. ఆ రోజునుంచి నాదో గుర్తు. అసలులో 'అ' ఉంది, ప్రిన్సిపల్‌లో 'ఏ' ఉండాలి.

ఘాట్‌రోడ్_డ్రైవర్
ఇవన్నీ ఇంగ్లీషు క్లాసులో జరిగేవి. నేను చూసింది వినండి. కొరాపుట్ నుంచి సాలూరు దిగుతున్నాను, రాత్రి, సన్నగా తుంపర. నా ముందు ఒక ట్యాంకరు. వెనక డాలా మీద ఎర్ర రంగుతో ఇంతింత అక్షరాలు, 'ఎయిర్ బ్రేక్'. కానీ 'బీ ఆర్ ఈ ఏ కే'. మా అమ్మాయికి ఫోటో చూపిస్తే 'నాన్నా, అది విరగడం' అంది. బండి ఆపేది 'బీ ఆర్ ఏ కే ఈ' అట. ఘాట్ మొత్తం ఆ విరిగే బ్రేకు వెనకాలే దిగాను నేను.

కొరాపుట్‌కాఫీ
అన్నా, గ్యాప్ పెంచుకోలేదా?

ఘాట్‌రోడ్_డ్రైవర్
అప్పుడు స్పెల్లింగు తెలియదు కదా, తెలిస్తే పెంచేవాణ్ని.

నర్సింగ్_సెకండియర్
బరంపురంలో చదువుతున్నాను. అనాటమీలో ఒక్క అక్షరానికి మార్కులు పోయాయి. చిన్నపేగు చివరి భాగం ఇలియం, తుంటి ఎముకలో పైభాగం కూడా ఇలియం. పేగుకి మధ్యలో 'ఈ', ఎముకకి 'ఐ'. పలకడం ఒకేలా. నేను జీర్ణవ్యవస్థ ప్రశ్నలో తిన్న అన్నాన్ని తుంటి ఎముకలోకి పంపించాను. మేడమ్ మార్జిన్‌లో 'నడవగలడా?' అని రాశారు.

మా హాస్టల్లో ఇంకోటి జరిగింది. ఒకమ్మాయి సెలవు చీటీలో 'లూజ్ మోషన్స్' అని రాయబోయి ఒక 'ఓ' వదిలేసింది. మోషన్స్ పోగొట్టుకున్నానని అర్థం వచ్చింది. వార్డెన్ 'దొరికితే చెప్తాం' అన్నారు.

బరంపురం_పట్టు
హహ్హహ్హ. వార్డెన్‌కి దండం.

రిటైర్డ్_మాస్టారు
ఈ 'లూజు' సంగతి మీద నాకో మాట ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి. వదులుగా ఉన్న ప్యాంటుని మనం లూజు అంటాం. ఇంగ్లీషువాళ్లు ఆ మాటని చివర 'స' ధ్వనితో అంటారు, లూస్. రెండు 'ఓ'లు. పోగొట్టుకోవడాన్ని 'జ'కి దగ్గరగా పలుకుతారు, లూజ్. ఒకటే 'ఓ'. అంటే వాళ్ల చెవికి ఇవి రెండు వేరు మాటలు. మనం రెంటినీ లూజు చేసి కూర్చున్నాం కాబట్టి రాసేటప్పుడు చెయ్యి తడబడుతుంది.

సలహా కూడా అంతే. 'అడ్వైజ్ ఇచ్చాడు' అంటాం మనం. నామవాచకం అడ్వైస్, 'సీ'తో. సలహా ఇవ్వడం అడ్వైజ్, 'ఎస్'తో. చెవిలో తేడా ఉంటే చేతిలో తేడా దానంతటదే వస్తుంది. స్టేషనరీ, ప్రిన్సిపల్, బ్రేక్ అలాంటివి కావు. అవి ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ల చెవికీ ఒకటే, వాళ్లూ తప్పుతారు. కాబట్టి మనవి రెండు రకాల తప్పులు. వాళ్లతో పంచుకునేవి కొన్ని, మనకే ప్రత్యేకమైనవి కొన్ని. రెండో రకం పుస్తకం చూసి బట్టీ పడితే పోదు, పలకడం సరిచేసుకోవాలి.

బసంతా_కాదు_వసంత
మాస్టారూ, మనకే ప్రత్యేకమైనవంటే నా పేరే ఉదాహరణ. ఇంట్లో వసంత. ఒడియాలో 'వ' పలకాల్సిన చాలాచోట్ల 'బ' పలుకుతారు కదా, బళ్లో చేర్చినప్పుడు క్లర్కు గారు విన్నట్టే 'బీ'తో రాసేశారు. టెన్త్ సర్టిఫికెట్‌లో బసంత, ఆధార్‌లో వసంత. మా తమ్ముడు విష్ణు కాస్తా బిష్ణు. పైగా నా టెన్త్ కాగితం మీద రాష్ట్రం ఒరిస్సా, తమ్ముడి దాని మీద ఒడిశా. 2011లో పేరు మారింది కదా. పాస్‌పోర్టు పనికి వెళ్తే ఇద్దరం అక్కాతమ్ముళ్లమని నిరూపించుకోవడానికి అఫిడవిట్ పెట్టాల్సి వచ్చింది.

బరంపురం_పట్టు
వాళ్లని అనడం సరే, మనమేం తక్కువ తిన్నాం? డబ్ల్యూకీ 'వీ'కీ మన నోట్లో తేడా ఉందా? పడమరా వెస్టే, బనియనూ వెస్టే. మా కొట్లో కొత్త సేల్స్ కుర్రాడు బనియన్ల పెట్టె మీద స్కెచ్ పెన్నుతో పడమర స్పెల్లింగు రాశాడు. నెల రోజులు ఆ పెట్టె తూర్పు గోడకే ఉంది, ఎవరూ చూళ్లేదు.

జయపురం_జైపూర్_కాదు
పేర్ల దాకా వచ్చారు కాబట్టి మా ఊరి గోడు కూడా వినండి. మా జయపురం ఇంగ్లీషులో 'జే ఈ వై పీ ఓ ఆర్ ఈ'. రాజస్థాన్‌ది 'జే ఏ ఐ పీ యూ ఆర్'. పలికితే రెండూ జైపూరే. మా మేనల్లుడు రిజర్వేషన్ చేసుకోబోయి కోడ్ 'జే పీ' కొట్టాడు, అది రాజస్థాన్. మాది 'జే వై పీ'. డబ్బు కట్టే ముందు దూరం చూసి ఆగాడు. మా ఆవిడ ఆర్డరిచ్చిన మిక్సీ మాత్రం ఆగలేదు. రాజస్థాన్ అంతా తిరిగి పదహారు రోజులకి వచ్చింది. మనుషుల కంటే మిక్సీనే ఎక్కువ ఊళ్లు చూసింది.

బరంపురం_పట్టు
మాకూ ఉందది. పాత బెర్హంపూర్‌కి బెంగాల్లో ముర్షిదాబాద్ వైపు ఒక జోడీ ఉంది. వాళ్లిప్పుడు బహరంపూర్, మేం బ్రహ్మపూర్. తెలుగులో మాత్రం ఎప్పటికీ బరంపురమే, ఏ గొడవా లేదు.

ఊరికే_చదివేవాణ్ని
ఇంతసేపూ చదివాను. ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ షాపులో పెన్ను కొనడానికి వచ్చినవాడు ఎవడైనా 'ఏ' చూసి వెనక్కి వెళ్లాడా? పదకొండు రోజులు ఊరంతా చూసింది, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఒక్క ఇంజినీరు కుర్రాడు నవ్వేసరికి 2,700 ఆగిపోయింది. ఇంగ్లీషు మనది కాదు, తప్పు రాస్తే మనకెందుకు సిగ్గు? అదే కుర్రాడు తెలుగు ఎలా రాస్తాడో చూపించమనండి.

టీచరమ్మ_గుణుపురం
సిగ్గు సంగతి వదిలేయండి. పుస్తకాల కొట్టు బోర్డు అది. పిల్లలు రోజూ దాని కిందనుంచే బడికెళ్తారు. నేను 'ఈ' అని నేర్పితే 'టీచర్, కొట్టు మీద ఏ ఉంది' అంటారు. బోర్డు నాకంటే పెద్దది, పైగా రాత్రిపూట లైటు కూడా వేస్తారు. వాళ్లు ఎవరిని నమ్ముతారంటారు?

ఊరికే_చదివేవాణ్ని
సరే, ఈ ఒక్కదానికి ఒప్పుకుంటాను. చిల్లులు పడ్డ నా ఫిలాసఫీ వెనక్కి తీసుకుంటున్నా.

దస్తావేజు_బాబాయ్
మా ఊళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడారు. తెలుగుకి ఆ మాట బంగారం. అదే పద్ధతి ఇంగ్లీషుకి పెడితే ఇదిగో, బోర్డు ఇలా అవుతుంది. అబ్బాయీ, నీ బోర్డు మీద ఒడియా లైను, తెలుగు లైను తప్పు పడ్డాయా?

ఫ్లెక్స్‌కుర్రాడు_రాయగడ
లేదు బాబాయ్. విన్నట్టే రాస్తాం కదా, ఆ రెండూ శుభ్రంగా ఉన్నాయి. మధ్యలోదే.

ఇంకో డౌటు. వచ్చే వారం మూడు పెళ్లి కార్డులున్నాయి. చివర 'విత్ బెస్ట్ కాంప్లిమెంట్స్ ఫ్రమ్' అని బంధుమిత్రుల పేర్లు వేస్తాం. పాత ఫైళ్లు తీసి చూస్తే కొన్నిట్లో మధ్యలో 'ఐ', కొన్నిట్లో 'ఈ'. ఏది?

సున్నాబెడ_ఇంజినీర్
'ఐ'. అది శుభాకాంక్ష, ప్రశంస. 'ఈ' ఉన్నది పూర్తిచేసేది. లెక్కల్లో రెండు కోణాలు కలిసి 90 డిగ్రీలైతే కాంప్లిమెంటరీ యాంగిల్స్ అంటాం చూడు, అది. కంప్లీట్‌లో ఉన్న 'ఈ'నే అందులోనూ ఉంది. లాడ్జిలో ఫ్రీగా ఇచ్చే టిఫిను మళ్లీ 'ఐ'తోనే.

రిటైర్డ్_మాస్టారు
'ఈ' వేసినా మునిగిపోయిందేమీ లేదులే. పెళ్లికూతురికి పెళ్లికొడుకు తొంభై డిగ్రీలు పూర్తిచేస్తాడని అర్థం వస్తుంది.

ఘాట్‌రోడ్_డ్రైవర్
నాదీ ఒకటి. నా లైసెన్సు కార్డు మీద 'సీ' ఉంది, మా బావమరిది డాలస్ నుంచి పంపిన ఫోటోలో 'ఎస్' ఉంది. నాది డూప్లికేటా ఏమిటి?

సున్నాబెడ_ఇంజినీర్
రెండూ అసలువే. బ్రిటిష్ పద్ధతిలో కార్డు 'సీ'తో, అనుమతి ఇవ్వడం అనే క్రియ 'ఎస్'తో. 1988 మోటారు వాహనాల చట్టం మనకి 'సీ'నే వాడింది. అమెరికాలో రెంటికీ 'ఎస్'. ప్రాక్టీస్ దగ్గర తిరగబడింది, అమెరికావాళ్లు రెంటికీ 'సీ', బ్రిటిష్‌లో నామవాచకం 'సీ', క్రియ 'ఎస్'.

ఘాట్‌రోడ్_డ్రైవర్
ఒక దేశం లైసెన్సుకి 'ఎస్', ప్రాక్టీసుకి 'సీ'. ఇక మనల్ని అనేవాడెవడు.

తూకంరాజు_గుణుపురం
అసలు సంగతి పక్కకి పోయింది. ఫ్లెక్స్ తమ్ముడూ, డబ్బు వచ్చిందా?

ఫ్లెక్స్‌కుర్రాడు_రాయగడ
నిన్న సాయంత్రం తేలింది. దస్తావేజు బాబాయ్ చెప్పిన సగం సగం మాటే చెప్పాను. ముందు కుదరదన్నాడు. టీచరమ్మ గారి 'ఈ పెన్ను, ఏ బండి' చెప్పాను. వాళ్లబ్బాయి పగలబడి నవ్వాడు. ఆయన కూడా నవ్వి కుర్చీ వేశాడు.

కొత్త బోర్డు వద్దనుకున్నాం. మా వీధిలో పాతకాలం పెయింటరు తాత ఒకాయన ఉన్నాడు. ఫ్లెక్సులొచ్చాక పని లేక ఇంట్లోనే ఉంటున్నాడు. ఆయన్ని పిలిచాను. నిచ్చెనెక్కి, 'ఏ' అక్షరం మీద వెనక రంగుకి సరిపోయే పసుపు కలిపి పూశాడు. ఆరేదాకా కింద కూర్చుని టీ తాగాడు. తర్వాత స్కేలు లేదు, పెన్సిలు లేదు, ఎర్ర ఎనామిల్‌తో నిలువు ఒక గీత, అడ్డం మూడు. పది నిమిషాలు పట్టలేదు. 200 అడిగాడు, చెరో వంద ఇచ్చాం. బ్యాలెన్సు 2,700 చేతికొచ్చింది.

దగ్గరకెళ్లి చూస్తే ఆ ఒక్క 'ఈ' మిగతావాటికంటే కాస్త లావు. షాపాయన వచ్చినవాళ్లందరికీ దాన్నే చూపిస్తున్నాడు, చేత్తో రాసిందని.

కొరాపుట్‌కాఫీ
మరి బిల్లు బుక్కులు?

ఫ్లెక్స్‌కుర్రాడు_రాయగడ
అయిపోయేదాకా 'ఏ'తోనే. ఇంకా పద్దెనిమిదున్నాయి.